లోగో పోటీ ఓటింగ్: నేను ప్రతిచోటా వినే అపోహలు, అసలు వాస్తవాలు

కాలనీ అసోసియేషన్‌కో, సేవా గ్రూపుకో లోగో పోటీ పెడతారు, ఓటింగ్ మీరు చూసుకోండి అన్నా అని నన్ను పిలుస్తారు, వెళ్తే ఎక్కడైనా ఇవే మాటలు.

అపోహ: మనిషికో ఓటు, ఎక్కువ పడింది గెలిచినట్టు, ఇంతకన్నా న్యాయం ఏముంది?

వాస్తవం: రెండే ఎంట్రీలుంటే సరే, రెండు దాటితే లెక్క తేడా కొడుతుంది. 100 మంది ఓటేశారనుకోండి, ఊరి చెరువు బొమ్మతో మూడు లోగోలొచ్చాయి, వాటికి 22, 21, 20 పడ్డాయి, ఉత్త అక్షరాలతో ఉన్న నాలుగోదానికి 37. గెలిచింది నాలుగోదే, కానీ 63 మంది చెరువు కావాలన్నారు కదా, వాళ్ళ ఓట్లు మూడు ముక్కలైపోయాయి అంతే! అందుకే నేను నచ్చిన వాటన్నిటికీ టిక్ పెట్టమంటా, ఎన్నిటికైనా పెట్టొచ్చు, ఎక్కువ టిక్కులొచ్చింది గెలుస్తుంది. దీన్ని అప్రూవల్ ఓటింగ్ అంటారు. ఎంట్రీలు మరీ ఎక్కువైతే రెండు రౌండ్లు పెట్టండి, 2003లో వికీపీడియా లోగోకి కూడా అలాగే చేశారు.

అపోహ: వాట్సాప్ పోల్ చాలు.

వాస్తవం: అందులో మామూలుగా ఎవరు దేనికేశారో అందరికీ కనిపిస్తుంది, ప్రెసిడెంట్ గారబ్బాయి డిజైన్ ఉంటే ఇంక మొహమాటమే గెలుస్తుంది. గూగుల్ ఫామ్ పెట్టండి, డిజైనర్ల పేర్లు తీసేసి ఎంట్రీలకి నంబర్లు ఇవ్వండి, ఆప్షన్ల వరుస షఫుల్ అయ్యేలా సెట్ చేయండి, ఎందుకంటే పైన ఉన్నదానికి ఊరికే నాలుగు ఓట్లు ఎక్కువ పడతాయి. రిజల్ట్ గడువు అయ్యాకే చూపించండి.

అపోహ: లింక్ అందరికీ షేర్ చేస్తే మంచిది, ఓట్లు పెరుగుతాయి.

వాస్తవం: చుట్టాలు ఎక్కువున్నవాళ్ళు గెలుస్తారు. పోటీ ప్రకటించిన రోజుకి మెంబర్లుగా ఉన్నవాళ్ళకే ఓటు, లిస్టు ముందే పెట్టేయాలి.

అపోహ: డిజైనర్లు ఓటేయకూడదు.

వాస్తవం: వాళ్ళూ మెంబర్లైతే వేయొచ్చు. కౌంటింగ్‌లో మాత్రం కూర్చోకూడదు.

అపోహ: కాపీనా కాదా అన్నది గెలిచాక చూసుకోవచ్చు.

వాస్తవం: ఇది మాత్రం దయచేసి చేయకండి. గెలిచినవాడిని తర్వాత తీసేస్తే, కారణం ఎంత నిజమైనా, కక్షగట్టారనే అంటారు, ఆ కుర్రాడు మళ్ళీ మీ గడప తొక్కడు. ఓటింగ్‌కి ముందే ప్రతి ఎంట్రీనీ గూగుల్ లెన్స్‌లో పెట్టి అలాంటి బొమ్మ ఇంకెక్కడైనా ఉందేమో చూడండి, పనిలో పనిగా రబ్బరు స్టాంపు సైజుకి తగ్గించినా స్పష్టంగా ఉందో లేదో కూడా చూడండి.

అపోహ: గెలిచిన డిజైన్‌లో గీత కూడా మార్చకూడదు.

వాస్తవం: మార్చొచ్చు, ఆ సంగతి ముందే రూల్స్‌లో రాసి ఉంటే. వికీపీడియాలో గెలిచిన రంగురంగుల గోళాన్ని తర్వాత ఇంకో వాలంటీర్ తిరిగి గీస్తేనే ఆ బూడిదరంగు పజిల్ గోళం వచ్చింది.