ఉండేలుతో చెట్టెక్కే ఏంటెన్నా

లైసెన్సు తీసుకున్న ఔత్సాహికులు ఒకరితో ఒకరు మాట్లాడుకునే హామ్ రేడియోలో, సుమారు 40 మీటర్ల తరంగదైర్ఘ్యం ఉండే బ్యాండు మన దేశంలో 7.0 నుంచి 7.2 మెగాహెర్ట్జ్ వరకు ఉంటుంది. దానికి సరిపోయే డైపోల్ ఏంటెన్నా (నడిమధ్య సంకేతం అందించే, రెండు సమాన ముక్కల తీగ) పొడవు సుమారు 20 మీటర్లు. ఇంటి వైరింగుకు వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ చాలు. చిక్కంతా ఎత్తుతోనే. నేలకు దగ్గరగా కడితే సంకేతంలో ఎక్కువ భాగం నిట్టనిలువుగా పైకి పోతుంది. అది పైనున్న అయనోస్ఫియర్ పొరకు తగిలి దగ్గరి ప్రాంతాలకే తిరిగొస్తుంది కనుక హైదరాబాదు నుంచి విశాఖతో మాట్లాడటానికి మంచిదే. ఖండాలు దాటాలంటే మాత్రం సగం తరంగదైర్ఘ్యం, అంటే దాదాపు 20 మీటర్ల ఎత్తు కావాలి. అంత ఇనప స్తంభం నిలబెట్టే కన్నా పక్కనున్న చింతచెట్టునో జామాయిల్‌నో నమ్ముకోవడం తేలిక.

చెట్టు మీదికి తాడు పంపే సాధనాల్లో మామూలు ఉండేలును మించింది లేదు. దాని పిడికి కింద చేపల గాలానికి వాడే స్పిన్నింగ్ రీల్‌ను బిగించాలి. రీల్ ముందు ముఖం ఉండేలు పంగకు సూటిగా ఉండాలి, లేకపోతే దారం చుట్లు చుట్లుగా ఊడి చిక్కుపడుతుంది. దారం 0.28 మిల్లీమీటర్ల నైలాన్, కొసన 30 గ్రాముల సీసపు గుండు. గుండు కోలగా, నున్నగా ఉండాలి; ఎర్ర రంగు పూస్తే ఆకుల్లో కనబడుతుంది.

30 గ్రాముల గుండు 20 మీటర్లు లేవడానికి సుమారు 6 జౌళ్ల శక్తి కావాలి. చివరికొచ్చేసరికి 5 కిలోల బలం అడిగే రబ్బరును 60 సెంటీమీటర్లు లాగితే దాదాపు 15 జౌళ్లు నిలవ ఉంటాయి. కొంత రబ్బరు కదలికకే ఖర్చయినా, కొంత దారం తినేసినా, ఇంకా సరిపోతుంది. కాబట్టి గుండు పైకి పోవడం సమస్యే కాదు. అవతల పక్క కిందికి దిగడమే సమస్య.

కొమ్మ మీద సగం చుట్టు తిరిగిన దారానికి, బెరడు ఘర్షణ గుణకం 0.3 అనుకుంటే, ఇవతల వేలాడే బరువుకు రెండున్నర రెట్లకు పైగా అవతల ఉంటేనే జారుతుంది. మూడు కొమ్మల మీద అలా మెలికలు తిరిగితే మూడు రెట్లు కలిపి ఏడున్నర కాదు, ఏకంగా 17 రెట్లు కావాలి. గుంజకు పలుపు రెండు చుట్లు తిప్పి ఒక్కడే ఎద్దును ఆపడంలో ఉన్న సూత్రం ఇదే. 20 మీటర్ల సన్న నైలాన్ బరువు గ్రామున్నర లోపే, కనుక మూడు కొమ్మలు తగిలినా 30 గ్రాముల గుండు బొటాబొటిగా దిగుతుంది. తొందరపడి మొదటే మీటరుకు గ్రాముకు పైగా తూగే పురికొస కట్టి కొడితే ఒక్క కొమ్మకే ఆగిపోతుంది. చాలామంది రబ్బరు బలం చాలలేదని అక్కడ అపోహ పడతారు.

కొట్టే ముందు రీల్ మీద దారాన్ని ఆపి ఉంచే తీగ కొక్కెం తెరిచి ఉందో లేదో చేత్తో తడిమి చూడాలి. అది మూసి ఉంటే దారం సాగి, గుండు వెనక్కి మొహం మీదికే వస్తుంది. కళ్లజోడు, హెల్మెట్ తప్పనిసరి. అవతల పక్క మనిషి గానీ కారు గానీ ఉండకూడదు. కరెంటు తీగలున్న చోటైతే ఆ చెట్టును వదిలేయండి. తీగో తాడో తెగి ఏ వైపు పడినా వాటిని తాకే అవకాశం ఉండకూడదు.

గుండు నేలకు చేరాక దాన్ని విప్పేయాలి. గుండుతో సహా వెనక్కి చుట్టబోతే అది తప్పకుండా ఏదో పంగలో ఇరుక్కుంటుంది. ఇరుక్కున్నదాన్ని గుంజితే ఊడినప్పుడు తూటాలా వస్తుంది. విప్పిన కొసకు ఒకటిన్నర మిల్లీమీటర్ల నైలాన్ పురికొస కట్టి, రీల్ వైపు నుంచి మెల్లగా లాగాలి. తర్వాత దానికి 4 మిల్లీమీటర్ల పాలిస్టర్ తాడు. ముడులను సన్నగా వేసి పైన ఇన్సులేషన్ టేపు చుడితే పంగల్లో తగలవు. ప్లాస్టిక్ తాడు ఎండకు పొడిపొడి అవుతుంది, వద్దు. తెగిన నైలాన్ దారాన్ని కొమ్మల్లో వదలకండి. పక్షుల కాళ్లకు అది మాంజా లాంటిదే.

ప్లాస్టిక్ పైపులో గాలి నింపి టెన్నిస్ బంతిని పేల్చే యంత్రాలను అమెరికా హామ్‌లు చేసుకుంటారు. మన ప్లంబింగ్ పీవీసీ గొట్టాలతో ఆ పని చేయొద్దు. నీటి ఒత్తిడికి పగిలితే చీలిక పడుతుంది, గాలి ఒత్తిడికి పగిలితే ముక్కలు ఎగురుతాయి.

తాటిచెట్టుకు ఉండేలు పనికిరాదు. పంగలు లేవు, మట్టలకు దారం చిక్కుతుంది. గీత కార్మికుణ్ణి పిలిచి పైన ఒక కప్పీ కట్టించుకోవడమే మేలు. మిగతా చెట్లకూ తాడుతో కప్పీనే పైకి లాగి, ఏంటెన్నా తాడును అందులోంచి పోనిచ్చి, నేల వైపు కొసకు ఐదు లీటర్ల నీళ్ల డబ్బా వేలాడదీస్తే గాలికి చెట్టు ఊగినప్పుడు డబ్బా లేచి దిగుతుంది, తీగ తెగదు. డబ్బా కింద అర మీటరైనా ఖాళీ ఉండాలి. కప్పీలో తాడు రెండు కొసలూ నేల దాకా వచ్చే పొడవు ముందే తీసుకోండి. తీగ దించి బాగుచేసిన ప్రతిసారీ మళ్లీ ఉండేలు పట్టాల్సిన పని ఉండదు.