తోక తడిసిన నక్కపిల్ల

చిన్నూ, బుజ్జీ,

మీరు ఆడే కథల గేముల్లో ఇది నొక్కితే ఒక దారి, అది నొక్కితే ఇంకో దారి అని వస్తుంది కదా. దానికి ముత్తాత లాంటిదొకటి చైనాలో ఉంది. పేరు యీజింగ్, అంటే మార్పుల గ్రంథం. వయసు రెండున్నర వేల ఏళ్ల పైమాటే. దాంతో జోస్యం చెప్పేవాళ్లు. జోస్యాన్ని నేను నమ్మను గానీ, కథలు అల్లడానికి అంత మంచి పనిముట్టు ఇంకోటి చూడలేదు.

మూడు రూపాయి బిళ్లలు తీసుకోండి. బొమ్మకు 3, బొరుసుకు 2. మూడూ కలిపితే 6, 7, 8, 9లలో ఏదో ఒకటి వస్తుంది. బేసి అయితే నిండు గీత, అది యాంగ్. సరి అయితే మధ్యలో తెగిన గీత, అది యిన్. ఆరుసార్లు వేసి, గోడ కట్టినట్టు కింది నుంచి పైకి పేర్చాలి. ఇలా వచ్చే ఆరు గీతల బొమ్మలు మొత్తం 64. ఒక్కోటి ఒక్కో సందర్భం: బావి, వంటపాత్ర, బాటసారి...

కిటుకంతా 6, 9లలోనే ఉంది. 9 అంటే ముదిరిన యాంగ్. ముదిరింది కాబట్టి యిన్‌గా మారిపోతుంది. 6 యాంగ్ అవుతుంది. 7, 8 కదలవు. దాంతో మొదటి బొమ్మ పక్కన రెండోది పుడుతుంది. కథ ఎక్కడుందో ఒకటి చెబితే, ఎటు పోతోందో రెండోది చెబుతుంది. 64ను 64తో గుణించి చూడండి, 4,096!

మొట్టమొదటి బొమ్మలో ఆరూ నిండు గీతలే. కింది గీతకు పుస్తకంలో రాసిన మాటలో డ్రాగన్ దాక్కుని ఉంటుంది, ఇప్పుడేమీ చేయొద్దంటారు. ఐదో గీతలో ఆకాశంలో ఎగురుతుంది. ఆరో గీతకి మరీ పైకెక్కి బాధపడుతుంది. అది చెడ్డ డ్రాగనేం కాదు, దిగే వేళ తెలుసుకోలేదంతే. మన వైకుంఠపాళిలోలా పుణ్యానికి నిచ్చెన, పాపానికి పాము అనే లెక్క ఇక్కడ లేదు. 2005లో వచ్చిన 'జేడ్ ఎంపైర్' గేమ్‌లో తెరిచిన అరచేయి, బిగించిన పిడికిలి అని రెండు దారులు పెట్టారు, ఒకటి సామరస్యానికి, ఇంకోటి పోరాడి బలపడటానికి. ఆలోచన బాగుంది. కానీ ఆడేకొద్దీ అరచేయి హీరో, పిడికిలి విలన్ అయిపోయాయి. మళ్లీ వైకుంఠపాళే!

సెలవులకు వచ్చినప్పుడు మనమే ఒకటి ఆడదాం. కథ మీరు చెప్పండి, చిక్కు వచ్చినప్పుడల్లా బిళ్లలు వేద్దాం. 9 పడితే గెలుస్తున్నవాడికి తిరగబడాలి, 6 పడితే చతికిలపడ్డవాడు లేవాలి.

ముగింపు ఎలా అని బుజ్జి అడుగుతుంది, నాకు తెలుసు. ఆ పుస్తకంలో 63వ బొమ్మ 'దాటడం అయింది'. అక్కడితో అయిపోవాలిగా? కాదు, 64వది 'ఇంకా దాటలేదు'. అందులో ఒక నక్కపిల్ల దాదాపు ఏరు దాటేసి, చివర్లో తోక తడుపుకుంటుంది. మన కథ దానితోనే మొదలుపెడదాం. బిళ్లలు నా దగ్గరున్నాయి.

తాతయ్య