కొరియన్‌లో 'కొట్టు తీశారా?': అపోహలు - వాస్తవాలు

కొరియన్ నేర్పుతాను, పిలిస్తే దుబాసీగానూ వెళ్తాను. షాపు తెరవడం, మూయడం లాంటి మాటల దగ్గర మనవాళ్లు తడబడేది కొరియన్ రాక కాదు, మధ్యలో ఇంగ్లిష్‌ని పెట్టుకుని.

అపోహ: 'ఓపెన్' అంటే అన్నిటికీ సరిపోతుంది.

'ఓఫన్' అని కొరియన్లూ అంటారు, తప్పేం లేదు. కానీ బోర్డుల మీద, వార్తల్లో వేరే మాటలు కనిపిస్తాయి. కొట్టు గానీ లాయరు ఆఫీసు గానీ పెడితే గేఅప్. ఆసుపత్రికి గేవన్, లైబ్రరీకి గేగ్వాన్, మెట్రో లైనుకి గేథోంగ్. చైనీస్ నుంచి వచ్చిన ఆ 'గే'కి తెరవడం అని అర్థం. ఫ్యాక్టరీ సంగతి వేరు: కట్టడం పూర్తయిన వేడుక జున్‌గోంగ్షిక్, మెషీన్లు తిరగడం మొదలైతే గాదోంగ్. పెనుకొండ కియా ప్లాంటు వైపు ఉద్యోగాలకు వెళ్లేవాళ్లకు ముందు ఈ రెండూ చెబుతాను.

అపోహ: షాపు తెరిచి ఉందా అని అడగాలంటే 'ఉంది' అనే క్రియ తప్పనిసరి.

అక్కర్లేదు. "మున్ యరస్సయో?" అంటే చాలు. మాటకు మాట 'తలుపు తీశారా?' అని. మనం 'కొట్టు తీశారా?' అన్నట్టే, భూతకాలంలోనే. చిక్కు కూడా మనదే. "మున్ దాదాస్సయో" అంటే రాత్రికి మూశారో, పూర్తిగా ఎత్తేశారో సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. ఒకసారి తొందరపడి 'ఎత్తేశారండీ' అని అనువదించాను. సరుకుకి అడ్వాన్సు ఇచ్చిన పెద్దమనిషికి చెమటలు పట్టాయి. తీరా చూస్తే ఆ షాపాయన రాత్రి ఇంటికెళ్లాడు, అంతే! నిజంగా ఎత్తేస్తే "ఫేఅప్ హేస్సయో" అంటారు.

అపోహ: గేషి అంటే ఉత్త 'ప్రారంభం'.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన మాట ఇది. బజార్లో ఒక ముసలమ్మ "ఆజిక్ గేషిదో మోథేస్సయో" అని నిట్టూరిస్తే, ఇంకా పని మొదలుపెట్టలేదని కాదు, 'ఇంకా బోణీ కూడా కాలేదు' అని. దీనికి అచ్చ కొరియన్ మాట కూడా ఉంది, మాసుగరి. ఇంగ్లిష్‌లో చెప్పాలంటే వాక్యమంతా కావాలి, మనకి రెండక్షరాలు చాలు.

అపోహ: కొత్త షాపు వాళ్లకు 'చుఖాహమ్నిదా' (అభినందనలు) అనేస్తే సరి.

అనొచ్చు, కానీ చప్పగా ఉంటుంది. పూలదండల రిబ్బను మీద 'చుక్ గేఅప్' అని రాస్తారు. స్నేహితులైతే "దేబాక్ నాసెయో" అంటారు, బాగా కలిసిరావాలని. కొత్త షాపువాళ్లు ఎర్ర బీన్స్ పొడి చల్లిన బియ్యప్పిండి కేకు, షిరుత్తక్, ఇరుగుపొరుగుకి పంచుతారు. మీ చేతికిస్తే రెండు చేతులా అందుకుని "బన్‌ఛాంగ్‌హాసెయో" అనండి: 'వ్యాపారం వృద్ధిలోకి రావాలి' అని.