పత్రాలు లేని కూలీలు, పడిపోయిన కూలి: అమెరికా నిర్మాణ రంగం నేపథ్యం

దేశంలో ఉండి పనిచేయడానికి అనుమతి పత్రాలు లేని వలస కార్మికులు తక్కువ కూలికి ఒప్పుకోవడం వల్లనే భవన నిర్మాణంలో స్థానికుల ఉపాధి దెబ్బతింటోందన్న ఆరోపణ అమెరికాలో దశాబ్దాలుగా వినిపిస్తున్నదే. దక్షిణ కాలిఫోర్నియాలో ఇళ్ల గోడలకు, పైకప్పుకు జిప్సం బోర్డులనే పలకలు బిగించే పనివారి చరిత్ర చూస్తే, అది సగం నిజమేనని అర్థమవుతుంది.

బయటి కూలీల మీద ఆగ్రహం అంతకంటే పాతది. 1927లో న్యూయార్క్ సమీపాన లాంగ్ ఐలాండ్‌లో మాజీ సైనికుల ఆసుపత్రి కట్టే పని దక్కించుకున్న అలబామా కాంట్రాక్టరు, తన ప్రాంతం నుంచి నల్లజాతి కూలీలను వెంట తెచ్చుకున్నాడు. ఆ నియోజకవర్గ ప్రతినిధి రాబర్ట్ బేకన్ దీన్ని చట్టసభలో లేవనెత్తాడు. చివరకు 1931లో వచ్చిన డేవిస్-బేకన్ చట్టం, ప్రభుత్వ నిర్మాణాల్లో స్థానికంగా నడుస్తున్న కూలికి తగ్గకుండా చెల్లించాలని నిర్దేశించింది. అలబామా నుంచి వచ్చిన ఆ కూలీలు అమెరికా పౌరులేనన్నది మరువరాదు.

ప్రైవేటు ఇళ్ల నిర్మాణానికి ఆ చట్టం వర్తించదు. అక్కడ కూలిని నిలబెట్టింది కార్పెంటర్ల యూనియన్. గోడల చట్రానికి, పైకప్పుకు జిప్సం బోర్డులు బిగించే పనికి చదరపు అడుగు లెక్కన కూలి కడతారు. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవుండే బోర్డు పాతిక కిలోల దాకా తూగుతుంది. దాన్ని నెత్తిమీదికెత్తి, కదలకుండా ఆనించి పట్టుకుని బిగించాలి. 1980ల తొలినాళ్లలో కాంట్రాక్టర్లు యూనియన్ ఒప్పందాలను వదిలించుకుని, వలస కూలీలను ముఠాలుగా కుదుర్చుకోవడం మొదలుపెట్టారు. రేటు దాదాపు సగానికి పడిపోయింది. ఆరోగ్య బీమా, పింఛను పోయాయి. పాత పనివారిలో చాలామంది ఈ పనినే వదిలేశారు. నష్టపోయింది స్థానికులే, సందేహం లేదు. కానీ రేటు తగ్గించే అధికారం కొత్తగా వచ్చిన కూలీ చేతిలో ఎన్నడూ లేదు.

1986 వలస సంస్కరణ చట్టం సుమారు 27 లక్షల మందికి చట్టబద్ధత ఇస్తూనే, పత్రాలు లేనివారిని పనిలో పెట్టుకునే యజమానులకు తొలిసారి జరిమానా విధించింది. అయితే 'తెలిసి' పెట్టుకుంటేనే నేరం. చూపిన పత్రం అసలుదిగా కనిపిస్తే చాలు, యజమాని బాధ్యత తీరిపోతుంది. పైగా సబ్ కాంట్రాక్టరు కింద మరో సబ్ కాంట్రాక్టరు ఉండే ఈ రంగంలో, ఇల్లు అమ్ముకునే బిల్డరు కాగితాల మీద ఎవరికీ యజమాని కాడు.

1992 జూన్‌లో ఈ జిప్సం బోర్డు పనివారే సమ్మెకు దిగారు. దాదాపు అందరూ మెక్సికన్లు, ఎందరికో పత్రాలు లేవు. అరెస్టులు జరిగినా వెనక్కి తగ్గలేదు. ఓవర్‌టైమ్ ఎగవేతపై వేసిన దావాలు కాంట్రాక్టర్లను ఇరుకున పెట్టడంతో, నవంబరులో యూనియన్ ఒప్పందం కుదిరి కూలి పెరిగింది.

ఆ తరవాత గాలి మళ్లీ ఎదురు తిరిగింది. యూనియన్ పెట్టబోయి అక్రమంగా ఉద్యోగం పోగొట్టుకున్నా, పత్రాలు లేని కార్మికుడికి పోయిన వేతనం ఇప్పించనక్కర్లేదని 2002లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. 2005లో కత్రినా తుపాను వచ్చినప్పుడు, కార్మికుల పత్రాల తనిఖీ విషయంలో యజమానులపై చర్యలను 45 రోజులు ఆపుతామని ప్రభుత్వం ప్రకటించిన వారంలోనే, సెప్టెంబరు 8న అధ్యక్షుడు బుష్ తుపాను ప్రాంతాల్లో డేవిస్-బేకన్ చట్టాన్ని నిలిపివేశారు. నవంబరు 8న దాన్ని పునరుద్ధరించినా, ఆలోపు కుదిరిన కాంట్రాక్టులకు అది వర్తించలేదు.