కాంతికి గాజు తగలని గాజు ఫైబర్

ఇంటికి ఇంటర్నెట్ తెచ్చే ఆప్టికల్ ఫైబర్‌లోకి కార్బన్ డయాక్సైడ్ లేజర్ కిరణాన్ని పంపి చూడండి. అది ఒక్క మిల్లీమీటరు కూడా ముందుకు సాగదు. ఉన్నచోటే గాజును వేడెక్కించి కరిగించేస్తుంది. నిజానికి ఆ ఫైబర్లను కోయడానికి, కొసలు అతకడానికి ఇదే లేజర్‌ను వాడుతుంటారు.

కారణం గాజు స్వభావంలోనే ఉంది. సిలికా గాజులో సిలికాన్, ఆక్సిజన్ పరమాణువుల మధ్య బంధాలు నిత్యం కంపిస్తుంటాయి. 9 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తరంగదైర్ఘ్యం చుట్టుపక్కల వచ్చే పరారుణ కాంతిని ఆ కంపనాలు మింగేస్తాయి. 2 మైక్రాన్లు దాటగానే సిలికా ఫైబర్‌లో నష్టం పెరగడం మొదలవుతుంది. కార్బన్ డయాక్సైడ్ లేజర్ కాంతి 10.6 మైక్రాన్లది. దానికి ఈ గాజు పారదర్శకం కానే కాదు, కట్టిన గోడతో సమానం.

ఈ లేజర్‌ను 1964లో అమెరికాలోని టెలిఫోన్ పరిశోధన సంస్థ బెల్ ల్యాబ్స్‌లో కనిపెట్టింది మన దేశంలో, మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన కుమార్ పటేల్. శరీర కణజాలంలో ఉండే నీరు ఈ కాంతిని బాగా పీల్చుకుంటుంది కాబట్టి పైపొరను మాత్రమే కోసి లోపలి భాగాన్ని వదిలేస్తుంది. సర్జన్లకు అది వరమే. కానీ కిరణాన్ని రోగి గొంతు దాకా తీసుకెళ్లడం ఎలా? చాలాకాలం పాటు దానికి ఉన్న దారి, కీళ్లున్న లోహపు చేయి. ఒక్కో కీలు దగ్గర ఒక్కో అద్దం. ఒక్క అద్దం కాస్త పక్కకు జరిగినా కిరణం గురి తప్పుతుంది. పైగా ఆ చేయి ఎండోస్కోప్‌లో దూరదు.

పరారుణ కాంతిని పోనిచ్చే వేరే పదార్థాలు లేకపోలేదు. ఆర్సెనిక్ కలిసిన చాల్కోజనైడ్ గాజులు (ఆక్సిజన్‌కు బదులు గంధకం, సెలీనియం వంటివి ఉండేవి), సిల్వర్ హాలైడ్ స్ఫటికాలు ఉన్నాయి. మొదటివి పెళుసు, విషపు మూలకాలున్నవి. రెండోవి వెలుతురు తగిలితే నల్లబడతాయి. అందుకే కొందరు అసలు పదార్థమే కాంతికి అడ్డు రాకుండా, మధ్యలో గాలి ఉండే బోలు గొట్టం వైపు చూశారు. పటేల్ లేజర్ వచ్చిన ఏడాదే, అదే బెల్ ల్యాబ్స్‌లో మార్కటీలీ, ష్మెల్ట్‌జర్ ఇలాంటి గొట్టాల లెక్క కట్టారు. గొట్టం లోపలి వ్యాసం సగానికి తగ్గిస్తే నష్టం ఎనిమిది రెట్లవుతుంది. వంచితే ఇంకా పెరుగుతుంది. టెలిఫోన్ సంకేతాలను దూరాలకు పంపే దారి వెతుకుతున్నవాళ్లకు ఆ జవాబు నచ్చి ఉండదు గానీ, రెండు మీటర్లు చాలనుకునే సర్జన్‌కు ఇబ్బంది లేదు.

లోపల వెండి పూస్తే కాంతి అద్దాల మధ్య ఎగురుతూ పోవచ్చు కదా? పోతుంది, కానీ ప్రతి తాకిడికీ లోహం కొంత తినేస్తుంది. గోడకు లంబంగా కంపించే కాంతి మరీ ఎక్కువగా నష్టపోతుంది. దీనికి విరుగుడు వెండి మీద మరో పలుచని పారదర్శక పొర. వాన పడిన రోడ్డు మీద పెట్రోల్ చుక్క రంగులు చూపించినట్టే, ఆ పొర పైనుంచీ కిందినుంచీ తిరిగివచ్చే తరంగాలు కలిసి, మందం సరిగ్గా కుదిరితే కాంతిని లోపలికే తిప్పి పంపుతాయి. ఈ సిద్ధాంతాన్ని గట్టిగా నిలబెట్టినవాళ్లలో జపాన్‌లోని సెండాయ్‌కి చెందిన మియాగీ ముఖ్యుడు. ఆయన బృందం ఫైబర్‌ను తిరగేసి చేసింది. అల్యూమినియం కడ్డీ మీద పొరలు వేసి, పైన నికెల్ పట్టించి, చివరికి కడ్డీని కరిగించేసింది.

గాజు గొట్టం దారి పట్టింది న్యూజెర్సీలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ హారింగ్టన్ బృందం, 1990లలో. మామూలు ఫైబర్ లాగే సిలికాను దాదాపు 2000 డిగ్రీల దగ్గర మెత్తబరచి సన్నగా లాగుతారు, కాకపోతే బోలుగా. గీతలు పడి విరగకుండా బయట ప్లాస్టిక్ పూత వేస్తారు. లోపలి వ్యాసం సాధారణంగా పావు మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు వరకు. కరిగి లాగబడిన గాజు లోపలి గోడ అద్దంలా నున్నగా ఉంటుంది. ఇంత కష్టపడి గాజును వాడేది ఆ నునుపు కోసమే. కాంతి దాన్ని ఎప్పుడూ తాకదు.

ఆ తర్వాత పని కెమిస్ట్రీది. ఇంటర్‌లో ఆల్డిహైడ్‌ను గుర్తించడానికి టెస్ట్ ట్యూబ్‌లో చేసిన సిల్వర్ మిర్రర్ పరీక్ష గుర్తుందా? ఇక్కడ జరిగేది అదే చర్య. సిల్వర్ నైట్రేట్ ద్రావణానికి అమోనియా కలిపితే మొదట గోధుమ రంగు అవక్షేపం వస్తుంది, ఇంకొంచెం కలిపితే కరిగి నీళ్లలా తేటపడుతుంది. దీన్నీ గ్లూకోజ్ ద్రావణాన్నీ పంపుతో గొట్టంలోకి కలిపి తోస్తే వెండి గోడకు పట్టుకుంటుంది. (అమోనియా కలిపిన ద్రావణాన్ని నిల్వ చేయకూడదు, పేలే పదార్థం తయారవుతుంది.) చిక్కంతా ఆ సన్నపు గొట్టంతోనే. వ్యాసం సగమైతే అదే ఒత్తిడికి పారే ద్రవం పదహారో వంతుకు పడిపోతుంది. రెండు ద్రావణాలు కలిసిన క్షణం నుంచే వెండి విడివడడం మొదలవుతుంది కాబట్టి ఈ చివర తాజా ద్రవం, ఆ చివర సగం ఖర్చయిన ద్రవం. ఎక్కువసేపు పారిస్తే వెండి రేణువులు పెరిగి గరుకవుతుంది, గరుకు గోడ కాంతిని చెదరగొడుతుంది. ఆప్టిక్స్ సమీకరణాలు ఎంత అందంగా ఉన్నా, ఫైబర్ నాణ్యత చివరికి ఈ పారుదల దగ్గరే తేలుతుందని నా అభిప్రాయం.

వెండి పట్టాక సైక్లోహెక్సేన్‌లో కరిగించిన అయోడిన్‌ను అదే దారిలో పంపుతారు. వెండి పైభాగం సిల్వర్ అయోడైడ్‌గా మారుతుంది. మేఘమథనంలో మబ్బుల్లో చల్లేది కూడా ఇదే. మందం అయోడిన్ గాఢతను బట్టి, సమయాన్ని బట్టి తేలుతుంది. 10.6 మైక్రాన్ల కాంతికి మైక్రాన్‌కు కాస్త తక్కువ పొర కావాలి. దంతవైద్యంలో వాడే 2.94 మైక్రాన్ల ఎర్బియం లేజర్‌కు అందులో మూడో వంతు కూడా అక్కర్లేదు. అయోడిన్ మితిమీరితే కింద వెండే మిగలదు. పూతను కోసి చూడకుండానే కొలవవచ్చు. తెల్లకాంతి, పరారుణ కాంతి పంపి, బయటకు వచ్చే వర్ణపటంలో శిఖరాలు ఎక్కడున్నాయో చూస్తారు. పొర మందమయ్యే కొద్దీ అవి పొడవైన తరంగాల వైపు జరుగుతాయి.

ఫలితం ఎలా ఉంటుంది? ఒక మిల్లీమీటరు వ్యాసం ఉన్న మంచి గొట్టం తిన్నగా ఉంటే 10.6 మైక్రాన్ల దగ్గర మీటరుకు 0.1 డెసిబెల్, అంటే సుమారు 2 శాతం నష్టం. ఇంటర్నెట్ ఫైబర్‌లో కిలోమీటరు వెళ్లాక పోయేదే 4, 5 శాతం. ఆ లెక్కన ఇది చాలా చెత్త ఫైబర్. అయినా బోలుగా ఉండటం వల్ల కొసల దగ్గర ప్రతిబింబ నష్టం లేదు, కాంతి తీవ్రతకు మధ్యలో పగిలేది ఏదీ లేదు. బయటి నుంచి నీటితో చల్లబరుస్తూ కిలోవాట్ స్థాయి శక్తిని కూడా పంపారు. సన్నని గొట్టం బాగా వంగుతుంది కానీ నష్టం ఎక్కువ, లావు గొట్టంలో నష్టం తక్కువ కానీ వంచితే మొరాయిస్తుంది. ఏది వదులుకోవాలో పనిని బట్టి తేల్చుకోవాలి.

ఈలోగా అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో యోయెల్ ఫింక్ బృందం వెండి లేకుండా, చాల్కోజనైడ్ గాజు, ప్లాస్టిక్ పొరలను చుట్టిన బోలు ఫైబర్‌ను తెచ్చింది. అది ఆపరేషన్ థియేటర్లలోకి చేరింది.

బోలు గొట్టానికి ఇంకో వాడుక కూడా ఉంది. లోపలి గాలి స్థానంలో పరీక్షించాల్సిన వాయువును నింపితే, కాంతి మీటర్ల పొడవునా దానిలోంచే ప్రయాణిస్తుంది. ఏ తరంగదైర్ఘ్యం తగ్గిందో చూసి ఏ వాయువు ఉందో చెప్పొచ్చు. పైగా గొట్టం లోపలి ఖాళీ చాలా తక్కువ కాబట్టి కొన్ని మిల్లీలీటర్ల నమూనా చాలు.