నీళ్లకు చెమట పట్టించే ఫ్యాన్లు

చిరంజీవులు చిన్నూకు, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ రెంటచింతలలో రోహిణి కార్తె నడుస్తోంది. రోళ్లు పగిలే ఎండలంటారే, అవే ఇవి. మధ్యాహ్నం వీధిలో కుక్క కూడా కనపడదు. మీ డాలస్‌లోనూ మండిపోతోందట, సరిగ్గా ఇప్పుడే మీ ఇంట్లో ఏసీ పాడైందట. నాన్న కోరల్స్, అంటే పగడపు జీవుల్ని పెంచే ట్యాంకు మూత తీసేసి, అంచుకు రెండు చిన్న ఫ్యాన్లు బిగించాడని మొన్న ఫోన్లో బుజ్జి చెప్పింది. చెప్పి ఊరుకోకుండా, "తాతయ్యా, చేపలకు చెమట పడుతుందా?" అని అడిగింది. వెనక నుంచి చిన్నూ పకపకా నవ్వాడు.

నవ్వకు చిన్నూ. చేపలకు చెమట పట్టదు, నిజమే. కానీ నాన్న ఆ ఫ్యాన్లు పెట్టింది నీళ్లకు చెమట పట్టించడానికే. మీ చెల్లెలు జవాబుకు సగం దూరంలో ఉంది.

మన వసారాలో కుండ గుర్తుందా? మీరు సెలవులకు వచ్చినప్పుడు చిన్నూ దాని పొట్ట మీద చెయ్యి పెట్టి, "లీకవుతోంది తాతయ్యా" అన్నాడు. అది లీకు కాదురా. మట్టికుండకు కంటికి కనపడని సన్నటి రంధ్రాలుంటాయి. లోపలి నీళ్లు వాటిగుండా కొంచెం కొంచెంగా బయటికి ఊరి, గాలి తగలగానే ఆవిరైపోతాయి. ఊరికే పోవు, పోతూ పోతూ కుండలో వేడిని వెంట తీసుకుపోతాయి. మిగిలిన నీళ్లు చల్లబడతాయి.

మా చిన్నప్పుడు వేసవి వస్తే బస్సులు ఆగే చోట చలివేంద్రం పెట్టేవాళ్లు. తాటాకు పందిరి, దాని కింద తడి ఇసుక, ఇసుకలో వరసగా కుండలు, వాటి చుట్టూ తడి గోనెపట్టాలు. ఒక ముసలమ్మ చెంబుతో నీళ్లు పోసేది. బడికి సెలవులు గనక మేం పిల్లలం బావి నుంచి బిందెలు మోసి ఆమెకు సాయం చేసేవాళ్లం. సాయం అన్నమాటే గానీ, సగం నీళ్లు మా చొక్కాల మీదే ఉండేవి. ఆమె రోజూ పొద్దున్నే ఒక్కో కుండను గోటితో గీకి చూసేది. మా పల్నాడు నీళ్లు కటిక ఉప్పు. నీరు ఆవిరై పోతుంది, అందులోని ఉప్పులు మాత్రం కుండ మీదే తెల్లటి పొక్కులా పేరుకుంటాయి. రంధ్రాలు పూడిపోయాక ఆ కుండ నీళ్లను చల్లబరచదు. అలాంటిది దొరికితే, "ఇదీ నాలాగే ముసలిదైపోయిందిరా" అని పక్కన పెట్టేసేది. ఆ పక్కన పెట్టిన కుండల్లో కాకులకు నీళ్లు పోసేవాళ్లం.

ఎక్కడికో వెళ్లిపోయాను. మీ ట్యాంకు దగ్గరికి వద్దాం.

మీది గాజు ట్యాంకు. గాజులోంచి నీళ్లు ఊరవు, చెమట పోవాలంటే పైభాగం ఒక్కటే దారి. దాని మీద మూత వేస్తే తడిగాలి లోపలే నిలిచిపోతుంది. అందుకే మూత తీసి, నీటి మీదుగా గాలి అడ్డంగా వీచేలా ఫ్యాన్లు పెట్టాడు. ఆ గాలి ఎంత పని చేస్తుందో లెక్క వేసి చూడండి. ఒక లీటరు నీళ్లు ఒక డిగ్రీ సెల్సియస్ చల్లబడాలంటే ఒక కిలోకేలరీ వేడి పోవాలి. ఒక లీటరు ఆవిరైతే దాదాపు 580 కిలోకేలరీలు పోతాయి. మీ ట్యాంకు 75 గ్యాలన్లు, అంటే సుమారు 284 లీటర్లు. భాగహారం చిన్నూ చేస్తాడు. ఒక్క లీటరు గాలిలో కలిస్తే మిగతా ట్యాంకంతా రెండు డిగ్రీలు దిగాలి! అంత దిగినట్టు కనపడదు, ఎందుకంటే లైట్లు, నీళ్లలో మునిగి తిరిగే మోటార్లు, వేడెక్కిన గది, ఇవన్నీ మళ్లీ వేడి నింపుతూనే ఉంటాయి. నాన్న మధ్యాహ్నం లైట్లు ఆపేసి రాత్రి పూట కాసేపు వేస్తున్నది అందుకే. పడమటి కిటికీ తెరలు కూడా వేసి ఉంచండి.

మా కుండ వానాకాలంలో చల్లబడదు. మీ అత్తయ్య విశాఖలో ఇలాగే ఫ్యాన్లు పెట్టినా ఆ ఉక్కపోతలో పెద్దగా లాభం ఉండదు. గాలి అప్పటికే తడిని మోస్తుంటే కొత్త తడిని ఎక్కడ పెట్టుకుంటుంది? అలాంటి చోట చిల్లర్, అంటే నీళ్లను చల్లబరిచే యంత్రం కొనాల్సిందే. అయితే చిల్లర్ వేడిని మాయం చెయ్యదు, నీళ్లలోంచి లాగి గదిలోకి వదులుతుంది. దాన్ని అలమరాలో పెట్టి తలుపు మూస్తే, అది వదిలిన వేడిలో అదే ఉడుకుతుంది.

ఉప్పు సంగతి కూడా కుండలోలాగే. ట్యాంకు అంచున తెల్లగా పేరుకుంటున్నది చూశారుగా. సముద్రపు నీళ్లలో కిలోకు 35 గ్రాముల దాకా ఉప్పులుంటాయి. నీరు పోయి ఉప్పు మిగిలితే ఆ 35 కాస్తా పెరుగుతుంది. అందుకని తగ్గినమేరకు మంచినీళ్లే పోయాలి, ఆర్ఓ నీళ్లు. సముద్రపు ట్యాంకు కదా అని చిన్నూ మళ్లీ ఉప్పు కలపబోయాడట, నాన్న ఆపాడట. మంచిపని చేశాడు.

ఇక్కడిదాకా కుండ మనల్ని బాగానే నడిపించింది. కానీ కుండలో ఎవరూ కాపురం ఉండరు. మీ ట్యాంకులో ఉన్నారు. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో కరిగి ఉండే ఆక్సిజన్ తగ్గుతుంది. అదే సమయంలో వేడికి చేపలకు ఊపిరి ఎక్కువ కావాలి. క్లౌన్ ఫిష్ పైకొచ్చి నోరు ఆడిస్తుంటే ముద్దుగా ఉందని వీడియో తీయకండి, వెంటనే నాన్నను పిలవండి. నీటి పైపొర ఎప్పుడూ అలలు ఆడుతూ ఉండేలా పంపు మూతి పైకి తిప్పాలి. మూత తీశారు గనక మీద సన్నటి వల పరవండి, కొన్ని చేపలు ఎగిరి బయట పడతాయి.

ఇక ఐసు. ఫ్రిజ్‌లో ఐసుముక్కలన్నీ తెచ్చి ట్యాంకులో గుమ్మరిద్దామని బుజ్జి అంది. మనసు మంచిదే. కానీ ఆ కరిగిన నీళ్లు ఉప్పును పలచన చేస్తాయి, కుళాయి నీళ్ల ఐసైతే క్లోరిన్ కూడా కలుస్తుంది. బాటిల్లో నీళ్లు గడ్డకట్టించి, మూత బిగించి, కింది సంప్‌లో, అదే ట్యాంకు కిందుండే తొట్టిలో, తేలనివ్వండి. ఒకటి కరిగాక ఇంకొకటి. గంటకు ఒక డిగ్రీ ఫారెన్‌హీట్‌కు మించి దించకూడదు. వేడికి తట్టుకున్న ప్రాణి, గబుక్కున వచ్చిన చల్లదనానికి పోవచ్చు. ఎవరికైనా మేలు చేసేటప్పుడు కూడా వాళ్ల శక్తి చూసి చెయ్యాలర్రా, అందులో నోరులేని జీవాల విషయంలో మరీనూ.

నాన్న 78 ఫారెన్‌హీట్ దగ్గర ఉంచే ట్యాంకు 83కి వెళ్లిందని అంత టెన్షన్ పడుతున్నది చేపల కోసమే కాదు, కోరల్స్ కోసం. అవి రాళ్లలా కనిపించే జంతువులు. వాటి ఒంట్లో కంటికి ఆనని నాచు ఉంటుంది. వాటి రంగులో చాలా భాగం, తిండిలో పెద్ద భాగం ఆ నాచు చలవే. సముద్రం మామూలు వేసవి కంటే ఒక్క డిగ్రీ సెల్సియస్ ఎక్కువ వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉందంటే కోరల్ ఆ నాచును బయటికి వెళ్లగొట్టి, తెల్లగా పాలిపోతుంది. అన్నం పెట్టేదాన్నే ఎందుకు గెంటేస్తుందో పుస్తకాల్లో చదివాను. చదివినా నా ఆశ్చర్యం తీరలేదు, మీరు పెద్దయ్యాక నాకు ఇంకా బాగా చెప్పాలి. రామేశ్వరం, తూత్తుకుడి మధ్య మన్నార్ సింధుశాఖలో 1998లో, 2010లో, 2016లో ఇలాగే తెల్లబడ్డాయి. 2024లో లక్షద్వీప్‌లోనూ అంతే. మీ ట్యాంకుకు నాన్న ఉన్నాడు, సముద్రానికి ఫ్యాన్ ఎవరు పెడతారు? మన దేశంలో గట్టి కోరల్స్ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, పులి కూడా ఆ షెడ్యూల్‌లోనే ఉంది. ఇక్కడ సముద్రంలోంచి ఒక ముక్క విరిచి ఇంటికి తెచ్చుకుంటే నేరం.

ఇప్పుడు ఇద్దరూ ఒక పని చెయ్యండి. రేపు పొద్దున పై ట్యాంకు గాజు మీద నీటిమట్టం దగ్గర ఒక టేపు ముక్క, కింద సంప్‌కు ఇంకో ముక్క అంటించండి. సాయంత్రం దాకా నీళ్లు పోయొద్దని నాన్నకు చెప్పండి, కింద మోటారు గాలి పీల్చేంత తగ్గితే మాత్రం పోయనివ్వండి. సాయంత్రం రెండూ చూడండి. గాలి వీస్తున్నది పై ట్యాంకు మీద, నీళ్లు తగ్గేది మాత్రం కింద! ఎన్ని వేళ్ల మేర తగ్గిందో బుజ్జి కొలవాలి, పైన ఎందుకు తగ్గలేదో చిన్నూ కనుక్కోవాలి. నాన్నను అడగొద్దు. ఆదివారం ఫోన్ చేసినప్పుడు నాకు చెప్పండి.

మీ తాతయ్య