వాయిద్యాల రికార్డింగుకు ఏ కండెన్సర్ మైక్రోఫోన్?

కండెన్సర్ మైక్రోఫోన్‌లో లోహపు పూత గల పలుచని పొర ఒకటి, స్థిరమైన పలకకు అతి చేరువలో బిగించి ఉంటుంది. శబ్దం తాకి పొర కంపించినప్పుడల్లా ఆ రెండింటి మధ్య ఎడం మారి, దానికి అనుగుణంగా విద్యుత్ సంకేతం వెలువడుతుంది. 1916లో ఇ.సి. వెంటే అనే అమెరికా శాస్త్రవేత్త రూపొందించిన ఈ అమరికలో పొర మోయవలసిన తీగచుట్ట ఏదీ లేదు కనుక, తంత్రిని మీటిన క్షణంలో పుట్టే పదునైన ధ్వనిని కూడా అది ఆలస్యం లేకుండా అందుకుంటుంది.

కొనేవారు సాధారణంగా ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ గ్రాఫు, అంటే మంద్రం నుంచి తారం వరకు ఏ ధ్వనిని మైక్రోఫోన్ ఎంత బలంగా అందుకుంటుందో తెలిపే గీత, చూసి తృప్తిపడతారు. అది చాలదని నా దృఢమైన అభిప్రాయం. ఆ గ్రాఫులో ప్రధానంగా చూపేది ఎదురుగా వచ్చే ధ్వనినే. వయొలిన్, పియానో వంటి వాయిద్యాల నాదం మాత్రం వాటి దేహమంతటి నుంచీ, గది గోడల నుంచీ అనేక కోణాల్లో మైక్రోఫోన్‌ను చేరుతుంది. ఈ మైక్రోఫోన్లలో పెద్ద పొరవీ, చిన్న పొరవీ ఉంటాయి. పెద్ద పొర వ్యాసం సుమారు 25 మిల్లీమీటర్లు. 13,700 హెర్ట్జ్ వద్ద ధ్వని తరంగదైర్ఘ్యమూ దాదాపు అంతే. అలాంటి తరంగం పక్కనుంచి వస్తే, పొరలో ఒక భాగాన్ని సంపీడనం నెడుతున్న సమయంలోనే మరో భాగాన్ని విరళీకరణం వెనక్కి లాగుతుంది కాబట్టి, రెండూ చాలావరకు రద్దయి తారస్థాయి మసకబారుతుంది. పొర వ్యాసం సగమైతే ఈ ఇబ్బంది మన వినికిడి హద్దు దాటిపోతుంది. అందుకే వాయిద్యాలకు మొదట చిన్న పొర మైక్రోఫోన్‌నే పరిశీలించాలి.

పెద్ద పొరకు ఉన్న అసలు బలం నిశ్శబ్దం. దాని సొంత రొద 10 డెసిబెళ్లలోపు ఉండడం మామూలే, చిన్నవాటిలో అది తరచుగా 15 దాటుతుంది; మెల్లగా పలికే వాయిద్యాన్ని దూరం నుంచి రికార్డు చేసేటప్పుడు ఈ తేడా స్పష్టంగా వినిపిస్తుంది. డోలు, ట్రంపెట్‌లకు దగ్గరగా పెట్టాలంటే రొదకన్నా గరిష్ఠ ధ్వని పీడన పరిమితిని, అంటే ఎంత పెద్ద ధ్వనిని వికృతం కాకుండా అందుకోగలదో చూడాలి. ప్రధానంగా ఎదుటి ధ్వనిని అందుకునే కార్డియాయిడ్ రకం దగ్గరకు జరిగేకొద్దీ మంద్రాన్ని పెంచుతుంది, అన్ని దిక్కుల ధ్వనినీ అందుకునే ఆమ్ని రకం పెంచదు గాని గది ధ్వనిని కూడా వెంట తెస్తుంది. కండెన్సర్ మైక్రోఫోన్లలో చాలావాటికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే మైక్రోఫోన్ తీగ ద్వారానే అందే విద్యుత్తు, అవసరం.

ఎంపికకు ముందు ఒక పరీక్ష చేయవచ్చు. ఒకే స్వరపంక్తిని ముందు ఎదురుగా, తరువాత కార్డియాయిడ్ మైక్రోఫోన్‌ను 60 డిగ్రీలు పక్కకు తిప్పి రికార్డు చేయాలి. రెండవసారి ధ్వని కాస్త తగ్గి, దాని స్వభావం మాత్రం మారకుండా ఉంటే ఆ మైక్రోఫోన్ వాయిద్యాలకు తగినది.